ఫొటోదాతా సుఖీభవ

దానం చేసేటప్పుడు ఫొటో దిగేవాళ్ళను ఇకపై ఎవరైనా తిడితే నేను ఊరుకోను!

ఊరుకోనంటే, చెయ్యి చేసుకుంటానని కాదు. ఒంట్లో అంత ఓపిక లేదు. ఇలాంటి కాలమ్ ఇంకొకటి రాసి మీ ఆదివారం పాడుచేస్తాను. అంతకన్నా పెద్ద శిక్ష వేసే స్తోమత నాకు లేదని మీకూ తెలుసు.

గోరంత దానానికి కొండంత ఫొటోనా అని మీరు వెక్కిరిస్తారు. సరే, ఒక్క మాట అడుగుతాను. ఫొటో లేకపోతే దానం జరిగినట్టు సాక్ష్యం ఏది? పుచ్చుకున్నవాడు చెబుతాడా? వాడు తిని పడుకుంటాడు. దేవుడు చూస్తాడంటారా? చూస్తాడు, కాదనను. చూసి లైక్ కొడతాడా? కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదన్నారు పెద్దలు. పెద్దల కాలంలో ఎడమ చేతికి వేరే పని ఉండేది కాదు. ఇప్పుడు ఫోన్ పట్టుకునేదే అది. దానికి తెలియకుండా ఎలా కుదురుతుంది?

ఇదంతా నేను ఊరికే అనడం లేదు. మొన్న తొలిగంప పండగ నాడు మా ఇల్లు తగలబడకుండా మిగిలిందంటే దానికి కారణం ఒక ఫొటో. అందులో ఉన్న అభాగ్యుడు ఎవరో కాదు, తమ విధేయుడే.

తొలిగంప పండగ గురించి మీకు తెలిసిందే. పండగంటే సెలవని మాత్రమే తెలిసిన మా బావమరిదిలాంటి వాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. పంట ఇంటికొచ్చాక మొదటి గంప గడప దాటి బయటికి పోవాలి. ఇంట్లోవాళ్ళు మెతుకు ముట్టే ముందు బయటి మనిషి ఒకరు తినాలి. అంతే పండగ. పొలం ఉన్న రోజుల్లో గంప పొలం నుంచి వచ్చేది. ఇప్పుడు సూపర్ మార్కెట్ నుంచి వస్తోంది, గింజలూ రిబ్బనూ అన్నీ కలిపి. పుచ్చుకునేవాడు ఒక్కడే అందులో రాడు. వాణ్ణి మనమే వెతుక్కోవాలి.

అక్కడే వచ్చింది చిక్కు. మా పేటలో ఇచ్చేవాళ్ళు పెరిగిపోయారు, పుచ్చుకునేవాళ్ళు దొరకడం లేదు. పండగ తెల్లవారితే చాలు, బీదవాళ్ళకు ఎక్కడలేని గిరాకీ! కిందటేడు మా బావమరిది ఒక ముసలాయనకు దుప్పటి కప్పి, వెలుతురు సరిగ్గా లేదని విప్పి, మళ్ళీ కప్పి, ఆయన నవ్వాడని కోప్పడి, కాస్త దిగులుగా పెట్టమని మొహం సరిచేసి, చివరికి ఫొటో బాగా వచ్చిందన్న సంతోషంలో దుప్పటి మరిచిపోయి ఇంటికి తెచ్చుకున్నాడు. ఒక పళ్ళ డాక్టరు బోసినోటి అవ్వకు టూత్‌బ్రష్ ఇచ్చాడు. ఒక జిమ్ వాళ్ళు ఆకలిగొన్నవాళ్ళకు బరువు తగ్గే కోర్సు ఉచితంగా ప్రకటించారు. ఇంత ఉదారత ఏ యుగంలో చూశాం?

ఇక నా కథకు వస్తాను.

పండగ పొద్దున మా ఆవిడ మందిరంలో వంటసేవకు బయల్దేరింది. వెళుతూ వెళుతూ, స్టవ్ మీద కొత్త గింజలు పాలలో ఉడుకుతున్నాయని, మంట తగ్గించే ఉంచానని, అప్పుడప్పుడూ గరిటె తిప్పడం తప్ప నా బుర్ర ఉపయోగించాల్సిన పని లేదని చెప్పింది. కొత్త చొక్కా మంచం మీద పెట్టింది కానీ, ఫ్యాన్లు తుడవడం అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దంది. అందుకని ఒంటి మీద నా పాత గళ్ళ చొక్కా ఉంది. మోచేతి దగ్గర చిరిగింది, భుజం మీద ఎప్పుడో తలుపులకు వేసిన రంగు అంటింది. దాన్ని పారేయమని మా ఆవిడ ఏళ్ళ తరబడి పోరుతోంది, నేను పోరాడుతున్నాను. గడ్డం గీసుకోలేదు. జుట్టులో ఫ్యాన్ దుమ్ము.

కింద చెత్తబండి గంట వినిపించింది. చెత్తబుట్ట గుమ్మం బయట పెడదామని ఒక్క అడుగు వేశాను. వెనకాల గాలికి తలుపు పడింది. పడితే తాళం దానంతటదే పడే తలుపు అది.

తాళంచెవి లోపల. ఫోన్ లోపల. కళ్ళజోడు లోపల. స్టవ్ లోపల, వెలుగుతూ.

ఎదురు ఫ్లాటు తలుపు కొట్టాను. కొన్ని నెలల కిందట ఎవరో కొత్తగా దిగారు, ఎవరో నాకు తెలియదు. పలకలేదు. పై అంతస్తూ కింది అంతస్తూ తిరిగాను. అందరూ తాళాలేసి దానాలు చేయడానికి పోయారు. లిఫ్ట్ ఎప్పటినుంచో పనిచేయడం లేదు కనుక మెట్ల మీదే కిందికి పరుగెత్తాను. వాచ్‌మన్ పండగకని ఊరెళ్ళాడు. వీధిలో షాపులు మూసున్నాయి. గేటు పక్క గోడ నిండా తాళాలు తీసేవాళ్ళ ఫోన్ నంబర్లే! ఫోన్ ఒకటి ఉంటే నా అంత అదృష్టవంతుడు లేడు.

గేటు లోపలి మెట్ల మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆవిడ చుట్టూ దుప్పట్లు, సంచులు, రిబ్బన్ కట్టిన గంపలు. చేతిలో ఒక అరటిపండు. పాపం, పొద్దున్నుంచి గిరాకీ బాగానే ఉన్నట్టుంది అనుకున్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, మీ ఆవిడ ఇంట్లో లేరా అని అడిగింది. లేదన్నాను. ఎవరైనా ఫోన్ ఉన్నవాళ్ళు వస్తారేమోనని ఆవిడ పక్కనే కూర్చున్నాను. అదే నా అదృష్టానికి నాంది.

ఫోన్ ఉన్నవాళ్ళు వచ్చారు. ఒకరా ఇద్దరా, తండోపతండాలు!

మొదట ఏదో కంపెనీ నుంచి ఒకే రంగు టోపీలు పెట్టుకున్న జట్టు వచ్చింది. నేను లేచి, ఒక్క ఫోన్ చేసుకోవాలి బాబూ, స్టవ్ మీద వంట మాడిపోతోంది అన్నాను. ముందున్న అమ్మాయి కళ్ళు చెమర్చాయి. వెనక్కి తిరిగి, పాపం వంట చేసుకుంటున్నట్టు ఊహించుకుంటున్నాడు అని తన వాళ్ళకు చెప్పింది. నాకు దుప్పటి కప్పారు. ఎండాకాలం మొదట్లో ఉన్ని దుప్పటి! ఆరుగురు నా రెండు పక్కలా నిలబడ్డారు. నా చేతికి గంప ఇచ్చినట్టు పట్టుకున్నారు. నేను పట్టుకోబోతే, ఇంకా కాదు తాతా అన్నారు.

నాకు తాతనయ్యే వయసు లేదని మనవి చేశాను. ఆ మాట వీడియోలో వచ్చిందట, ఎడిటింగ్‌లో తీసేస్తామన్నారు.

వాళ్ళు వెళ్ళాక ఒక కుటుంబం కారు దిగింది. మళ్ళీ ఫోన్ అడిగాను. ఇంటాయన తన భార్యతో, వీళ్ళకి తిండి పెడితే చాలదు, ఫోన్లు కూడా కావాలి అన్నాడు. అయినా మంచివాడు, బిస్కెట్ల డబ్బా ఇచ్చి, దాన్ని గుండెకు హత్తుకోమన్నాడు. హత్తుకున్నాను. పైన మూడో అంతస్తులో నా ఇల్లు ఏమవుతోందో తలుచుకుంటే మొహంలో దిగులు దానంతటదే వచ్చింది. ఒక్క టేక్‌లో ఓకే అయింది.

పక్కనున్న పెద్దావిడ నాకు సలహా చెప్పింది. ఫొటో తీసేటప్పుడు మాట్లాడొద్దని, మాట్లాడితే మళ్ళీ మొదటినుంచీ తీస్తారని, పొద్దున్నుంచీ తను అలాగే ఇరుక్కుపోయిందని. ఆవిడ కూడా వచ్చినవాళ్ళందరినీ ఏదో అడుగుతూనే ఉంది. కాస్త చెయ్యివ్వండి నాయనా అంటోంది. ఆవిడ చెయ్యి చాచగానే అందులో ఒక గంప పడుతోంది. నేను కాలుగాలిన పిల్లిలా గేటుకీ మెట్లకీ మధ్య తిరుగుతున్నాను కనుక పెద్దగా పట్టించుకోలేదు.

అంతలో మా బిల్డింగ్ కమిటీ సెక్రటరీ వచ్చాడు! నాకు ప్రాణం లేచొచ్చింది. ఈయన నాకు నెలనెలా మెయింటెనెన్స్ మెసేజ్‌లు పంపిస్తాడు. పుట్టినరోజుకు కేక్ బొమ్మ కూడా పంపిస్తాడు. వెనకాల కమిటీ సభ్యులు, వాళ్ళ వెనకాల దుప్పట్ల కట్టలు. నేను ఎదురెళ్ళి, ఏమండీ, నేను మీ బిల్డింగ్ వాణ్ణే అన్నాను.

సెక్రటరీ నా భుజం మీద చెయ్యి వేశాడు. మొహం మాత్రం కెమెరా వైపే ఉంది. "అందరం ఒకే బిల్డింగ్ వాళ్ళమే పెద్దాయనా. ఓనర్ పైనున్నాడు."

సభ్యులు చప్పట్లు కొట్టారు. అంత లోతైన మాటతో పాటు నాకు ఇంకో దుప్పటి వచ్చింది.

వాళ్ళు వెళ్ళేసరికి గాలిలో సన్నగా మాడు వాసన మొదలైంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్ల మీద కూలబడ్డాను. పెద్దావిడ కూడా ముక్కు ఎగబీల్చి, నా మోచెయ్యి తట్టింది.

"పైకి పోవాలి నాయనా. ఇల్లూ అక్కడే, ఫోనూ అక్కడే. కాస్త చెయ్యిస్తే వెళ్ళిపోదును."

నాకు జాలేసింది. ఇప్పుడే కదా సెక్రటరీ పైనున్న ఓనర్ గురించి చెప్పి వెళ్ళాడు. ఆ మాట ఆవిడ మనసుకు పట్టినట్టుంది. ఫోన్ కూడా అక్కడే అంటోందంటే అక్కడా సిగ్నల్ వస్తుందన్నమాట. అంత తొందరెందుకమ్మా, ఇంకా బోలెడు కాలముంది అని ధైర్యం చెప్పాను. ఆవిడ నా వైపు ఒక మాదిరిగా చూసి, అరటిపండు ఒలుచుకుంది.

ఇక తలుపు పగలగొట్టడమే గతి అనుకుని లేవబోతున్నాను. గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి మా ఆవిడ దూకింది. చేతిలో మందిరం గరిటె అలాగే ఉంది.

"స్టవ్ కట్టేశారా?"

లేదన్నాను. తలుపు సంగతి చెప్పే లోపే మెట్లెక్కేసింది. నేనూ వెనకాల పరుగెత్తాను. తలుపు తీసేసరికి వంటిల్లంతా పొగ. గిన్నె అడుగు నల్లగా మాడింది, పక్కనున్న గుడ్డ ఒక అంచు రాజుకుంటోంది. మా ఆవిడ స్టవ్ కట్టేసి, గుడ్డను సింకులో పడేసి, కిటికీలు తెరిచి, అప్పుడు నేల మీద కూర్చుంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. పెళ్ళయిన కొత్తలో తప్ప అంతసేపు పట్టుకున్న గుర్తు లేదు.

ఆవిడకెలా తెలిసిందంటారా? అదే మరి ఫొటో మహిమ!

టోపీల జట్టు నా ఫొటోను వాళ్ళ గ్రూపులో పెట్టింది. 'నిలువ నీడ లేని వృద్ధుడికి తొలిగంప' అని కింద రాసింది. అది అక్కణ్ణుంచి ఇంకో గ్రూపుకు, అక్కణ్ణుంచి మా బావమరిదికి చేరింది. వాడు నా పెళ్ళిలో నా పక్కనే కూర్చుని భోంచేసినవాడు. నన్ను చూశాడు, గుర్తుపట్టలేదు, 'హృదయం ద్రవించింది' అని రాసి మందిరం గ్రూపుకు తోసేశాడు. మందిరం వంటింట్లో ఒకావిడ దాన్ని చూసి, పాపం ఈ ముసలాయన్ని చూడండి అంటూ నలుగురికీ చూపించింది. మా ఆవిడ చూసింది.

మొహం గుర్తుపట్టావా అని ఆశగా అడిగాను. మొహం గంప చాటున ఉందట. చొక్కా గుర్తుపట్టిందట. మీరు ఆ చొక్కాతో గేటు దాకా వచ్చారంటే ఇంట్లోకి వెళ్ళే దారి లేదని అర్థమైంది, దారి లేకపోతే స్టవ్ వెలుగుతూనే ఉంటుందని అర్థమైంది అని చెప్పింది.

చూశారా? చేతిలో ఫోన్ ఉన్న ఒక్కరు కూడా నాకు ఫోన్ ఇవ్వలేదు. కానీ నన్నే ఫోన్‌లో ఎక్కించి మా ఆవిడకు పంపించారు! ఇప్పుడు చెప్పండి, ఫొటో దానం గొప్పదా కాదా?

ఇక్కడితో ఆపేస్తే ఈ కాలమ్ బాగుండేది. కానీ తర్వాత జరిగింది చెప్పకపోతే మా ఆవిడ ఒప్పుకోదు.

గిన్నెలో అడుగు మాడినా పైన కొంత మిగిలింది. ఇంట్లోవాళ్ళు ముట్టే ముందు బయటి మనిషి తినాలి కదా. కింద మెట్ల మీద ఒక దిక్కులేని పెద్దావిడ ఉందని చెప్పాను. మా ఆవిడ ఒక గిన్నెలో తీసింది. నేను కొత్త చొక్కా తొడిగి, తల దువ్వి, కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ జేబులో వేసుకున్నాను. ఫోన్ ఎందుకని మా ఆవిడ అడిగింది. ఊరికే అన్నాను.

దిగాం. పెద్దావిడ ఇంకా అక్కడే ఉంది. నా చెయ్యి జేబులోకి వెళుతూనే ఉంది. మా ఆవిడ మాత్రం గిన్నె పక్కన పెట్టి, మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చుని అడిగింది. "మీకేం కావాలి పిన్నిగారూ?"

పొద్దున్నుంచీ ఆ ప్రశ్న ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

"మూడు అంతస్తులు ఎక్కాలమ్మా. మోకాళ్ళు రావడం లేదు. చెయ్యి పట్టుకునేవాళ్ళు ఒకరు కావాలి."

మూడో అంతస్తులో ఎవరింటికి వెళ్ళాలని నేనడిగాను. ఆవిడ నన్ను చూసి నవ్వింది. మీ ఎదురిల్లే కదా నాయనా, రోజూ మీరు చెత్తబుట్ట పెట్టడం చూస్తూనే ఉంటాను అంది. కొడుకూ కోడలూ మందిరం నుంచి తీసుకొచ్చి గేటు దగ్గర దింపి, మెల్లగా ఎక్కు అమ్మా అని చెప్పి, ఎక్కడో గంపలు పంచే కార్యక్రమానికి ఆలస్యమవుతోందని వెళ్ళారట. ఫోన్ ఇంట్లో చార్జింగ్‌లో ఉందట. ఇల్లూ అక్కడే, ఫోనూ అక్కడే అని నాకు చెప్పిందట.

చెప్పింది. నేను పొద్దున చెయ్యి అందించి ఆవిణ్ణి పైకి తీసుకెళ్ళి ఉంటే, నా తలుపుకు ఎదురుగానే నాకు ఫోన్ దొరికేది. రెండు దుప్పట్లు తప్పేవి. గిన్నె మిగిలేది.

నేనూ మా ఆవిడా చెరో వైపు పట్టుకుని ఆవిణ్ణి ఎక్కించాం. మెట్టు మెట్టుకూ ఆగుతూ ఆవిడ కబుర్లు చెబుతూనే ఉంది. జేబులోంచి ఫోన్ తీయడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు. మా ఇంట్లో ఆవిడ మొదటి ముద్ద తిని, మాడు వాసన కొంచెం తగిలితేనే రుచి అని చెప్పింది. అది అబద్ధమని ముగ్గురికీ తెలుసు. ముగ్గురం తిన్నాం. ఆ రోజు నుంచి రెండు ఫ్లాట్ల తాళంచెవులూ రెండిళ్ళలోనూ ఉంటున్నాయి.

వారం తిరక్కుండానే సెక్రటరీ మా అంతస్తుకు వచ్చాడు. లిఫ్ట్ రిపేరు కోసం పోగుచేసినదంతా పండగ దుప్పట్లకూ బ్యానర్లకూ ఖర్చయిపోయిందట, మళ్ళీ చందాలు కావాలట. నేను ఇస్త్రీ చొక్కాలో గుమ్మంలో నిలబడ్డాను. ఎదురు గుమ్మంలో పెద్దావిడ. సెక్రటరీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మీరిద్దరూ కొత్తగా దిగారా? ఎప్పుడూ చూసినట్టు లేదే."

పెద్దావిడ తలుపు పట్టుకుని నిదానంగా చెప్పింది. "చూశారు నాయనా. ఫోన్‌లో చూశారు."

అతను మా ఇద్దరి మధ్యా నిలబడి, ఫోన్ తీసి మమ్మల్ని వెతకడం మొదలుపెట్టాడు.